విశాఖపట్నం ఇంటికి లాబ్రడారా, గోల్డెన్ రిట్రీవరా?

విశాఖలో పెద్ద కుక్కను పెంచుకోవాలనుకునే కుటుంబాల్లో చాలామంది చివరికి లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ అనే రెండు పేర్ల దగ్గరికే వస్తారు. ఈ రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి, మనుషులంటే ఒకే రకంగా ప్రాణం పెడతాయి. అందువల్ల స్వభావాన్ని బట్టి ఎంచుకోవాలని మొదలుపెట్టిన చర్చ ఎటూ తేలదు. అసలు తేడా రెండు చోట్ల ఉంది: గోల్డెన్‌తో వచ్చే చాకిరీ దాని బొచ్చులో ఉంది, లాబ్రడార్‌తో వచ్చే చాకిరీ దాని ఆకలిలో ఉంది. మన ఊరి ఉక్కపోత ఈ రెండింటినీ మరింత పెంచుతుంది. మీ ఇంట్లో ఏ చాకిరీ ఏళ్ల తరబడి ఆగకుండా సాగుతుందో తేల్చుకుంటే ఎంపిక సగం పూర్తయినట్టే. ఆ పని వరుసగా ఎలా చేయాలో ఈ వ్యాసం చెబుతుంది.

మొదటి అడుగు: ఇవి ఏ పనికి పుట్టాయో తెలుసుకోండి

ఈ రెండూ వేటకుక్కలే గాని, మన పల్లెల్లో వేటకుక్క అనగానే గుర్తొచ్చే, జంతువును తరిమి పట్టుకునే జాతులు కావు. తుపాకీతో కొట్టిన పక్షి నీళ్లలోనో పొదల్లోనో పడితే, దాన్ని వెతికి, పంటిగాటు పడకుండా నోట కరుచుకుని యజమాని చేతికి తెచ్చి ఇవ్వడం వీటి పని. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో కలిసి పనిచేసిన నీటికుక్కలు. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో అవి బ్రిటన్ చేరాయి, 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. గోల్డెన్ రిట్రీవర్ పుట్టుక స్కాట్లాండ్‌లోని గిసాచన్ ఎస్టేట్‌లో జరిగింది. ట్వీడ్‌మౌత్ ప్రభువు 1868లో నౌస్ అనే పసుపు రంగు రిట్రీవర్‌ను బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌తో కలపగా పుట్టిన పిల్లలే ఈ జాతికి మూలం.

ఈ చరిత్ర ఇంట్లో అడుగడుగునా కనిపిస్తుంది. నోటితో మోయడానికి పుట్టిన కుక్క కాబట్టి చెప్పులు, రిమోట్, ఆరేసిన తువ్వాలు అన్నీ దాని నోట్లోకే వెళ్తాయి. మనిషి పక్కన పనిచేయడానికి పుట్టింది కాబట్టి, ఇంటిల్లిపాదీ ఉద్యోగాలకు వెళ్లిపోయి ఎనిమిది తొమ్మిది గంటలు ఒంటరిగా వదిలేస్తే తలుపులు గోకుతుంది, సోఫా చీల్చుతుంది. కాపలా కోసమే కుక్క కావాలనుకునేవారు ఈ రెండింటినీ ఇక్కడే పక్కన పెట్టవచ్చు. గేటు చప్పుడైతే మొరుగుతుంది, ఆ తర్వాత లోపలికి వచ్చినవాడి చెయ్యి నాకుతుంది.

పరిమాణం సంగతి త్వరగా ముగిద్దాం. మగ లాబ్రడార్ సుమారు 29 నుంచి 36 కిలోలు, మగ గోల్డెన్ 29 నుంచి 34 కిలోలు తూగుతాయి. ఆడవాటిలో లాబ్రడార్ 25 నుంచి 32, గోల్డెన్ 25 నుంచి 29 కిలోల మధ్య ఉంటుంది. కాబట్టి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు ఏది సరిపోతుందన్న ప్రశ్నకు కొలతల్లో జవాబు దొరకదు.

రెండో అడుగు: మీ ఇంటి ఉక్కను కొలవండి

విశాఖలో ఎండ విజయవాడలోలాగా మండదు కాబట్టి బొచ్చుకుక్కలకు ఇబ్బంది ఉండదని అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఇది ప్రమాదకరమైన ఊహ. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, నోటిలోని తడిని ఆవిరి చేసి అది ఒంటిని చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు ఆ తడి ఆవిరి కాదు. మే నెలలో మన పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దరిదాపుల్లోనే ఉన్నా, రాత్రికి కూడా ఉక్క తగ్గదు కాబట్టి కుక్కకు తేరుకునే వ్యవధి దొరకదు. కుక్క ఒంటి ఉష్ణోగ్రత మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీలు ఉంటుంది. అది 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

రెండు జాతులకూ లోపల మెత్తటి పొర, పైన గరుకు పొర ఉన్న జంటబొచ్చే ఉంటుంది. లాబ్రడార్‌ది పొట్టిది, ఒత్తైనది, తడిస్తే తొందరగా ఆరిపోతుంది. గోల్డెన్‌కు మెడ కింద, కాళ్ల వెనుక, తోక పొడవునా వేలాడే పొడవాటి బొచ్చు ఉంటుంది, అది సులువుగా ఆరదు. వేసవి రాగానే గోల్డెన్‌కు గుండు చేయించే అలవాటు కొందరిలో ఉంది. దీన్ని మానుకోవాలి, ఎందుకంటే ఆ బొచ్చే చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది, పైగా ఒకసారి నున్నగా గీసేసిన జంటబొచ్చు మళ్లీ పాత తీరులో రాకపోవచ్చు. అరికాళ్ల మధ్య, పిర్రల కింద కాస్త కత్తిరిస్తే చాలు.

కుక్కను తేవడానికి ముందు చేయదగిన పరీక్ష ఒకటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు, కుక్క పడుకోబోయే చోట, ఏసీ లేకుండా ఫ్యాన్ కింద నేలమీద ఒక గంట కూర్చోండి. మీకే ఊపిరాడకపోతే ఆ చోటు గోల్డెన్‌కు పనికిరాదు, లాబ్రడార్‌కూ అంతంతమాత్రమే. పడమటి ఎండ పడే బాల్కనీలో ఏ జాతినీ కట్టేయకూడదు. రాతిపలకల నేల, ఎదురెదురు కిటికీలు ఉన్న పాత ఇళ్లు ఈ విషయంలో మధురవాడ వైపు కొత్త టవర్లకన్నా నయమని నా అభిప్రాయం. ఏసీ ఉంది కదా అన్న ధీమా కూడా కొంతవరకే పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తర్వాత నగరంలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదన్న సంగతి ఇక్కడివారికి గుర్తు చేయనవసరం లేదు.

నాలుక వెడల్పై పక్కకు వేలాడటం, చొంగ చిక్కబడటం, చిగుళ్లు ఎర్రగా మారడం, నడక తూలడం వడదెబ్బ లక్షణాలు. అవి కనిపిస్తే వెంటనే మామూలు కుళాయి నీళ్లు ఒంటినిండా పోస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వాలి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒళ్లు చల్లబరచకుండా కారెక్కించి పరుగెత్తడం సరికాదు.

మూడో అడుగు: దువ్వెన ఎవరి చేతిలో ఉంటుందో తేల్చండి

కుక్క వెంట్రుకలు రాలడంలో రెండు జాతులూ ఉదారమైనవే. లాబ్రడార్ వెంట్రుకలు పొట్టిగా, సూదుల్లా బట్టల్లో గుచ్చుకుంటాయి. గోల్డెన్ వెంట్రుకలు పొడవుగా ఉండి, మంచం కింద ఉండలు కట్టుకుని ఫ్యాన్ గాలికి తిరుగుతుంటాయి. లాబ్రడార్‌ను వారానికి ఒకటి రెండుసార్లు రబ్బరు బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. గోల్డెన్‌ను దాదాపు రోజూ, పావుగంట పాటు, పైపొరతో ఆగకుండా చర్మం కనిపించేదాకా పాయలు తీస్తూ దువ్వాలి.

జూన్ నుంచి నవంబరు దాకా సాగే మన వానాకాలంలో ఈ పని మానేస్తే ఏమవుతుందో చూడాలంటే గోల్డెన్ చెవి వెనుక వేళ్లు పెట్టి చూడండి. అక్కడి బొచ్చు మిగతా ఒంటికన్నా సన్నగా, పట్టులా ఉంటుంది. నాలుగైదు రోజులు వదిలేస్తే గోరింటాకు ముద్దంత ఉండ కడుతుంది. ఆ ఉండ కింద చెమ్మ నిలిచి, చర్మం నాని, కుక్క గోకడం మొదలుపెడుతుంది. ఉదయం రూపాయి బిళ్లంత ఉన్న ఎర్రటి తడి మచ్చ సాయంత్రానికి అరచేయంత అవుతుంది. పశువైద్యులు దీన్నే హాట్ స్పాట్ అంటారు. చుట్టూ బొచ్చు కత్తిరించి, మందునీళ్లతో శుభ్రం చేసి, మాత్రలు వాడితే తగ్గుతుంది గాని, దువ్వడం మళ్లీ మానేస్తే వచ్చే వానలకు తిరిగి వస్తుంది. స్నానం చేయించిన ప్రతిసారీ లోపలి పొర పూర్తిగా ఆరేదాకా డ్రయ్యర్ పట్టవలసి రావడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

పిడుదుల విషయంలోనూ పొడవాటి బొచ్చు చేటే. మన వాతావరణంలో పిడుదులకు కాలం అంటూ లేదు, ఏడాది పొడవునా ఉంటాయి, ఎర్లిషియా, బబీసియా వంటి రక్తజ్వరాలను అంటిస్తాయి. లాబ్రడార్ ఒంటిమీద చెయ్యి రాస్తే పిడుదు వేలికి తగులుతుంది. గోల్డెన్ ఒంటిమీద వెతికితే గాని దొరకదు. వేళ్ల సందులు, చెవి మడతలు, తోక మొదలు ఏ జాతికైనా రోజూ చూడవలసిన చోట్లు. పిడుదులకు మాత్రలో, మెడ మీద వేసే చుక్కల మందో పశువైద్యుడు చెప్పిన గడువు తప్పకుండా వాడాలి.

ఇక ప్రశ్న సూటిగా వేసుకోండి: ఆ పావుగంట ఎవరిది? పదో తరగతి అబ్బాయి చేస్తానన్న మాటను నమ్మి గోల్డెన్‌ను తెస్తే, ఇంటర్ హాస్టల్ ఆ పనిని అమ్మ మీద పడేస్తుంది.

నాలుగో అడుగు: వంటింటి క్రమశిక్షణను పరీక్షించండి

లాబ్రడార్‌ను తిండిపోతు అని అందరూ నవ్వుతూ అంటారు గాని, అందులో శాస్త్రం ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు నాలుగోవంతు లాబ్రడార్లలో పీవోఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉందని, ఆ కుక్కలకు తిండి మీద యావ ఎక్కువని తేలింది. అంటే గిన్నె ఖాళీ చేసి మళ్లీ మీ కళ్లలోకి చూస్తున్న లాబ్రడార్ నటించడం లేదు, దానికి నిజంగానే కడుపు నిండినట్టు తెలియకపోవచ్చు. తిండి ఎక్కడ ఆపాలో దాని బదులు మీరే తెలుసుకోవాలి.

తెలుగు ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదు. ఉదయం నాన్న టిఫిన్‌లోంచి అర ఇడ్లీ పెడతారు, పదింటికి పనమ్మాయి బిస్కెట్ ఇస్తుంది, మధ్యాహ్నం నాయనమ్మ "పాపం, మూగజీవి, నోరు తెరిచి అడగలేదు కదరా" అంటూ పెరుగన్నం ముద్ద కలుపుతుంది. ఎవరికి వారు పెట్టింది కొంచెమే. ముప్పై కిలోల కుక్కకు రోజుకు 1,300 కిలోకేలరీలకు అటూ ఇటుగా సరిపోతుంది. ఈ ముద్దలన్నీ కలిపితే అందులో మూడోవంతు ఇట్టే దాటుతుంది. రోజంతటి తిండినీ ఉదయమే ఒక డబ్బాలోకి కొలిచి పెట్టి, ఎవరు ఏం పెట్టాలన్నా ఆ డబ్బాలోంచే తీయాలని నియమం పెట్టుకోవడం ఒక్కటే పనిచేసే మార్గం. నాయనమ్మ ముద్ద ఆపడం కన్నా, ఆ ముద్ద డబ్బాలోంచి తీసి ఆమె చేతికే ఇవ్వడం సులువు.

బరువు సరిగా ఉందో లేదో తెలియడానికి కాటా అక్కర్లేదు. కుక్క నిలబడి ఉండగా రెండు అరచేతులూ డొక్కలకు ఇరువైపులా ఆనించి, నొక్కకుండా వెనక్కి జరపండి. పక్కటెముకలు పలచటి గుడ్డ కింద ఉన్నట్టు ఒక్కొక్కటీ తగలాలి. నొక్కితే గాని తగలకపోతే తిండి తగ్గించాలి. 48 లాబ్రడార్లను పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. వాటిని జతలుగా విడదీసి చూస్తే, తన జతకుక్క కన్నా నాలుగోవంతు తక్కువ తిన్న కుక్కలు సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల నొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి.

గోల్డెన్ కూడా లావెక్కుతుంది, కాని ఈ విషయంలో దానితో పోరు తక్కువ. ఏ జాతికైనా ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, పాయసంలోని కిస్‌మిస్‌లు, చాక్లెట్, ఉడికించిన ఎముకలు పెట్టకూడదు.

ఐదో అడుగు: నడక దారిని ముందే నడిచి చూడండి

పెరిగిన కుక్కకు రెండు పూటలా కలిపి గంట నుంచి గంటన్నర నడక, ఆట కావాలి. మన ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా అది ఉదయం ఆరున్నరలోపు, రాత్రి ఏడున్నర తర్వాత మాత్రమే సాధ్యం. చేతి వెనుక భాగాన్ని తారు రోడ్డు మీద ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. ఉక్కునగరం సెక్టార్లలోనో, లాసన్స్ బే కాలనీలోనో ఉండేవారికి చెట్ల నీడ ఉన్న రోడ్లు దొరుకుతాయి. గాజువాక, గోపాలపట్నం సందుల్లో ఉండేవారు వీధికుక్కల గుంపులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందుగా ఒంటరిగా నడిచి చూసుకోవడం మంచిది.

ఇక సముద్రం. నీటికుక్కలు కదా అని ఆర్కే బీచ్‌లో వదిలేయకూడదు. అక్కడ లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది, అలల లాగుడు మనుషులనే తీసుకుపోతుంది. యారాడ కూడా అంతే. పొడవైన తాడు కట్టి, మోకాలి లోతు దాటకుండా ఆడించాలి, ఆటకు ముందూ తర్వాతా మంచినీళ్లు తాగించాలి. లేదంటే ఉప్పునీళ్లు మింగి వాంతులు, విరేచనాలు చేసుకుంటుంది. ఇంటికి రాగానే మంచినీటితో కడిగి, చెవులు పొడిగుడ్డతో తుడవాలి, ఎందుకంటే వేలాడే చెవుల్లో తడి నిలిస్తే వారంలో చీము వాసన వస్తుంది. ఈ కడగడం, ఆరబెట్టడం లాబ్రడార్‌తో పది నిమిషాల పని, గోల్డెన్‌తో ఆదివారం ఉదయమంతా పట్టే పని.

లాబ్రడార్ యజమానులకు మరొక జాగ్రత్త ఉంది. జాలరిపేట వైపు ఇసుకలో వలల్లోంచి ఏరి పారేసిన చేపలు పడి ఉంటాయి. వాటిలో తన ఒళ్లు ఉబ్బించుకునే పఫర్ చేప కూడా ఉండవచ్చు, దానిలోని టెట్రోడోటాక్సిన్ కుక్కను చంపగల విషం. "వదిలెయ్" అన్న మాటకు నోట్లోది వదిలేలా శిక్షణ ఇచ్చేదాకా లాబ్రడార్‌ను ఆ వైపు తీసుకెళ్లకపోవడమే మేలు.

ఆరో అడుగు: జబ్బుల లెక్క చూడండి

తుంటి, మోచేతి కీళ్లు సరిగా అమరకపోవడం రెండు జాతుల్లోనూ వంశపారంపర్యంగా ఉంది. గోల్డెన్లలో క్యాన్సర్ బెడద ఎక్కువ. దాని కారణాలు వెతకడానికే అమెరికాలో మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో మూడు వేలకు పైగా గోల్డెన్లతో దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టింది. చర్మపు అలర్జీలు కూడా వీటిలో తరచుగా కనిపిస్తాయి. లాబ్రడార్ ఎంచుకునేవారు చాక్లెట్ రంగు కోసం అదనంగా చెల్లించే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. 2018లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో చాక్లెట్ లాబ్రడార్ల మధ్యస్థ ఆయుష్షు 10.7 ఏళ్లుగా, మిగతా రంగులవాటిది 12.1 ఏళ్లుగా తేలింది.

ఏడో అడుగు: నిర్ణయం

దువ్వే మనిషి ఖాయంగా లేని ఇంటికి, మధ్యాహ్నం చల్లగా ఉండని ఇంటికి లాబ్రడార్ తీసుకోండి. నా లెక్కలో విశాఖ ఇళ్లలో ఎక్కువ భాగం ఇందులోకే వస్తాయి. పగలు ఇంట్లో ఒకరుండి, చల్లని గది ఉండి, దువ్వడం విసుగనిపించని వారికి, ముఖ్యంగా నెమ్మదైన పిల్లలున్న ఇంటికి గోల్డెన్ బాగా నప్పుతుంది. అది గట్టిగా కసిరితే నొచ్చుకునే రకం, అరుపులు కేకలుండే ఇంట్లో ముడుచుకుపోతుంది. లాబ్రడార్ ఆ అరుపుల మధ్య కూడా తోక ఊపుతూ, టీపాయ్ మీది గ్లాసులు పడేస్తూ తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు నడిపించవలసి వస్తే ఏ జాతిలోనైనా ఆడకుక్క మేలు, తాడు లాగే బలం కాస్త తక్కువ. రెండేళ్లు నిండేదాకా రెండూ పిల్లచేష్టలు మానవు, ఆ దశను భరించలేనివారు పెరిగిన కుక్కను దత్తత తీసుకోవచ్చు.

తిండి ఆపలేరు, దువ్వే తీరికా లేదు అని తేలితే నిజాయితీగా రెండింటినీ వదిలేయండి. ఈ వాతావరణానికి అలవాటుపడిన నాటు కుక్కపిల్లను విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ వంటి సంస్థల దగ్గర అడగవచ్చు.

ఎనిమిదో అడుగు: పిల్లను తెచ్చేటప్పుడు

కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపించి, మద్దిలపాలెం బస్టాండు దగ్గర అట్టపెట్టెలో పిల్లను చేతికిచ్చేవారిని ఒప్పుకోవద్దు. ఇంటికి వెళ్లి తల్లిని చూడాలని పట్టుపట్టండి. తల్లి మిమ్మల్ని చూసి తోక ఊపుతూ వస్తుందా, మూలకు నక్కుతుందా అన్నది గమనించండి, బెదురు స్వభావం పిల్లలకూ రావచ్చు. హెవీ బోన్, పంచ్ ఫేస్ వంటి మాటలకు ధర పెంచుతారు గాని, మన వేడికి బరువైన ఎముక, పొట్టి మూతి ఏ మేలూ చేయవు. సన్నగా, చురుగ్గా ఉన్న తల్లిదండ్రుల పిల్లే నయం. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రాలు ఉన్నాయంటే, అందులోని మైక్రోచిప్ నంబరు తల్లి చర్మం కింద ఉన్న చిప్‌తో సరిపోతోందో లేదో రీడర్‌తో చూపించమనండి. రెండేళ్లు నిండాక తీసిన తుంటి ఎక్స్‌రే తల్లిదండ్రులకు ఉందా అని అడగండి. చాలామంది దగ్గర ఉండదు, ఉన్నవారి దగ్గర కాస్త ఎక్కువ ఇచ్చి కొన్నా నష్టం లేదు. పసివయసులో గోల్డెన్ బొచ్చు పొట్టిగానే ఉంటుంది కాబట్టి కలగలుపు పిల్లను గోల్డెన్ అని అమ్మడం కష్టం కాదు. తల్లీతండ్రీ రెండింటినీ చూడటమే దీనికి విరుగుడు.

అపార్ట్‌మెంట్ సంఘం అభ్యంతరం చెబితే, కుక్కలను పెంచడాన్నిగాని, లిఫ్ట్ వాడటాన్నిగాని సంఘాలు నిషేధించజాలవని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను చూపించవచ్చు. అయితే మెట్లమీద మలం ఎత్తే బాధ్యత, బయట తాడు కట్టే బాధ్యత మీవే.

పిల్ల ఇంటికి వచ్చిన రెండు రోజుల్లో పశువైద్యుడికి చూపించి, మల పరీక్ష చేయించి, నులిపురుగుల మందు వేయించండి. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేదాకా సాగుతాయి. ఎలుకలున్న మన వీధుల్లో వాననీరు నిలుస్తుంది కాబట్టి లెప్టోస్పైరోసిస్ టీకాను వదలవద్దు. రేబిస్ టీకా మూడు నెలలకు వేయించి, ఆ ధ్రువపత్రంతో జీవీఎంసీలో కుక్కను నమోదు చేయించండి. వరుస పూర్తయ్యేదాకా వీధిలో నడిపించకుండా, వీధి శబ్దాలు, మనుషులు అలవాటయ్యేలా చేతుల్లో ఎత్తుకుని తిప్పండి. ఏడాది నిండేదాకా రోజూ మెట్లు ఎక్కించి దించడం, బండి పక్కన పరుగెత్తించడం చేయించవద్దు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆరు నెలలలోపు చేయిస్తే కీళ్ల జబ్బులు పెరుగుతాయని, ఆ ప్రభావం లాబ్రడార్లకన్నా గోల్డెన్లలో ఎక్కువని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పరిశోధకులు 2014లో తేల్చారు. కాబట్టి ఆ తేదీని మొదటి టీకా రోజునే పశువైద్యుడితో మాట్లాడి, ఏడాది తర్వాతకు రాసి పెట్టించుకోండి.